రెండో క్లాసు పిల్లకి ఎడారి మొక్క, నీటి మొక్క, కొండ మొక్క చూపించేదెలా?

చార్ట్_బాధితురాలు
మా పాప రెండో క్లాసు. ఈవీఎస్‌లో మొక్కలు, అవి పెరిగే చోట్లు అని పాఠం. సోమవారానికి చార్ట్ చేసి పంపాలట. ఎడారి మొక్కలు మూడు, నీటి మొక్కలు మూడు, కొండల్లో పెరిగేవి మూడు. స్టేషనరీ షాపుకి వెళ్తే అతను ఏ క్లాసని కూడా అడగలేదు, "మొక్కలదేగా" అంటూ బొమ్మల షీటు తీసి చేతిలో పెట్టాడు. కత్తిరించి అతికించడమే మిగిలింది. కానీ పాప "ఇవి ఎక్కడుంటాయమ్మా" అంటే నా దగ్గర జవాబు లేదు. తామర అంటే మా పూజ గదిలో ఉన్న ఇత్తడి దీపం అనుకుంటోంది. పైన్ చెట్టయితే నేనూ సినిమా పాటల్లోనే చూశాను. మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, ఏడో అంతస్తు. పిల్లల బుర్రకి ఎక్కేలా ఈ పాఠం ఎలా చెప్పాలి? యూట్యూబ్ చూపించమని మాత్రం అనకండి, అదీ అయింది.

గుంటూరు_మిర్చి
అతికించి పంపేయండి. రెండో క్లాసుకి ఇంత టెన్షన్ ఎందుకండీ? పెద్దయ్యాక అవే తెలుస్తాయి.

లేటుగా_లేచినోడు
ప్రాజెక్టు పిల్లలది, పని అమ్మలది, లాభం స్టేషనరీ షాపువాడిది.

పల్లేరుకాయ
@గుంటూరు_మిర్చి పెద్దయ్యాక ఏం తెలుస్తాయి? మా ఆఫీసులో ఇంజినీరింగ్ చదివినవాళ్లు కొత్తిమీర తెమ్మంటే పుదీనా తెస్తారు.

గుంటూరు_మిర్చి
@పల్లేరుకాయ నేనూ ఇంజినీరే. నేనూ పుదీనా తెచ్చినవాడినే. బతికే ఉన్నాను.

బడిపంతులు_సిద్దిపేట
సర్కారు బడిలో ప్రైమరీ టీచర్ని. మా దగ్గర సమస్య తలకిందులు. పిల్లలకి మొక్కలన్నీ తెలుసు, పరీక్షలో రాయడమే రాదు.

ఈ పాఠానికి నేను ముందు పుస్తకం తియ్యను. పిల్లల్ని చెరువు కట్ట మీదికి తీసుకుపోతాను. అక్కడ నిలబడితే అన్నీ వరసగా కనబడతాయి. నీళ్లలో కలువ. అంచు బురదలో తుంగ, జమ్ము. వానాకాలం మునిగి ఎండాకాలం బయటపడే శిఖం భూమిలో నల్లతుమ్మలు. కట్ట దిగితే తేమ ఉన్న వాగు పక్కన ఈత చెట్లు. అది దాటి ఎర్ర చెలక ఎక్కితే తంగేడు, రేగు, వెంపలి. అంతా కలిపి పావుగంట నడక కూడా లేదు.

పిల్లల్ని అడిగేది ఒక్కటే. ఇది ఇక్కడే ఎందుకుంది, అక్కడ ఎందుకు లేదు? మొదట "దేవుడు పెట్టిండు సార్" అంటారు. ఒకడు లేచి "మా నాయిన పెట్టిండు" అంటాడు. అప్పుడు తుంగ గడ్డని వేళ్లతో సహా పీకించి చెలకలో పెట్టిస్తాను. మర్నాటికి వాడిపోయి పడుకుంటుంది. తంగేడు మొక్కని నీళ్లు నిలిచిన చోట పెడితే నాలుగు రోజుల్లో ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. రెండూ చూశాక ఆవాసం అంటే ఏమిటో నేను చెప్పాల్సిన పని ఉండదు.

ఎడారి, మంచు కొండ తరవాత. ముందు ఊరి చెరువు రావాలి.

చార్ట్_బాధితురాలు
పంతులు గారూ, చదువుతుంటేనే మాకూ మీ బడిలో సీటు కావాలనిపిస్తోంది. కానీ మా పక్కనున్న చెరువు దగ్గరికొస్తే కారు అద్దాలు ఎక్కించుకునే పరిస్థితి. దాంట్లో కలువ లేదు, అంతా గుర్రపుడెక్కే.

మూడో_అంతస్తు_తోటమాలి
చెరువు లేకపోతే ఏమైంది, అపార్ట్‌మెంటే చాలు. ఆదివారం పొద్దున్నే పాపని తీసుకుని కిందికి దిగండి.

ఏసీ నీళ్లు కారే గొట్టం కింద గోడ చూడండి. పచ్చటి మెత్తటి నాచు. రెండడుగులు పక్కకి జరిగితే బోసి సిమెంటు. అదే గోడ, అదే ఎండ, తేడా తడి ఒక్కటే. వేలితో తాకనివ్వండి, తడి తగులుతుంది. డ్రైనేజీ పైపు పగులులో రావి మొక్క ఉంటుంది, తప్పకుండా ఉంటుంది. ఎవరు నాటారని అడగండి. పిట్ట పండు తిని రెట్ట వేస్తే గింజ ఆ సందులో మొలిచింది. పార్కింగ్ టైల్స్ మధ్య ఎండ పడే వైపు గరిక. మీ కుండీల్లో మీరు నాటకుండా వచ్చినవి చూడండి, పులిచింత, నేలఉసిరి, గంగవాయిలి ఉంటాయి. గంగవాయిలి ఆకుని గోటితో నొక్కితే నీరు ఊరుతుంది, నీళ్లు పోయడం మరిచిపోయిన కుండీలో కూడా అది అంత నిగనిగలాడేది అందుకే. ఎడారి మొక్కల పద్ధతి కూడా అదే, ఉన్నప్పుడు దాచుకోవడం.

గుంటూరు_మిర్చి
రావి మొక్క చూపించేలోపు వాచ్‌మన్ పీకేస్తాడు. దానిమీద అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో వారం రోజులు గొడవ.

మూడో_అంతస్తు_తోటమాలి
@గుంటూరు_మిర్చి పీకాల్సిందే, లేకపోతే గోడ చీలుతుంది. పీకే ముందు పిల్లకి చూపించమంటున్నాను. వేరు ఎంత పొడుగుందో అప్పుడే తెలుస్తుంది.

జోధ్‌పూర్_రిటర్న్
ఎడారి అనగానే ప్రతి పుస్తకంలోనూ ఒంటె పక్కన కాక్టస్ వేస్తారు. అది చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎడారుల్లో పెరిగే కాక్టస్‌లన్నీ పుట్టింది అమెరికా ఖండాల్లో. రాజస్థాన్ థార్ ఎడారిలో ఒంటె సహజంగా తినేది వాటిని కాదు. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు అక్కడున్నాను. ఇసుక మధ్యలో ఒంటరిగా, పచ్చగా నిలబడేది ఖేజ్రీ. అంటే మన జమ్మి చెట్టే. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం అదే, తెలంగాణ రాష్ట్ర వృక్షమూ అదే.

1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ ఊళ్లో రాజుగారి మనుషులు ఈ చెట్లు కొట్టడానికొస్తే అమృతాదేవి అనే ఆవిడ చెట్టుని కావలించుకుని ప్రాణం ఇచ్చింది. ఆవిడతో మొదలై, చెట్లని కొట్టనివ్వని బిష్ణోయి శాఖవాళ్లు 363 మంది చనిపోయారు. అక్కడ ఆ చెట్టంటే నీడ, మేత, కూర, అన్నీ. దాని కాయల్ని సాంగ్రీ అని ఎండబెట్టి కూర వండుతారు.

దసరాకి మీ పాప చేతిలో పెట్టే జమ్మి ఆకు చార్ట్ మీద అతికించండి. నిజమైన ఎడారి మొక్క. ఆకు ఎంత చిన్నదో అరిటాకు పక్కన పెట్టి చూపించండి. ఆకు చిన్నదైతే ఎండకి ఎగిరిపోయే నీరు తక్కువ. వేరు మాత్రం నీటి కోసం చాలా లోతుకి పోతుంది.

పల్లేరుకాయ
మరి మా ఊరి గట్ల మీద బ్రహ్మజెముడు? అది మనది కాదా?

జోధ్‌పూర్_రిటర్న్
@పల్లేరుకాయ కాదు, అదీ అమెరికా నుంచి వచ్చిందే. అదే బొంతజెముడు అయితే మన నేలదే. చూడ్డానికి కాక్టస్‌లా ఉంటుంది కానీ కాక్టస్ కాదు, గీరితే పాలు కారతాయి. బ్రహ్మజెముడుకి పాలు రావు.

లేటుగా_లేచినోడు
బ్రహ్మజెముడు ఆకులు అంత లావుగా ఉండేది నీళ్ల కోసమే కదా?

ఈవీఎస్_మేడం
@లేటుగా_లేచినోడు అవి ఆకులు కావండీ, కాండం. ఆకుల స్థానంలో ఉన్నవే ముళ్లు. మొక్కకి కావలసిన ఆహారం తయారుచేసేది కూడా ఆ పచ్చటి కాండమే. రెండో క్లాసులో అడుగుతాం ఇది.

లేటుగా_లేచినోడు
అంటే నేను రెండో క్లాసు ఫెయిల్.

ఈవీఎస్_మేడం
ఇంతవరకు వచ్చాను కాబట్టి నా గోడు కూడా వినండి. నేను ప్రైవేటు స్కూల్లో చెప్తాను. క్లాసుకి నలభై మంది, పీరియడు ముప్పై అయిదు నిమిషాలు. పంతులు గారిలా చెరువు కట్టకి తీసుకెళ్లాలంటే పర్మిషన్ స్లిప్పులు, బస్సు, ఆయా, ఫస్ట్ ఎయిడ్. ఒకసారి పిల్లల్ని స్కూలు వెనక ఖాళీ స్థలంలోకి తీసుకెళ్లాను. సాయంత్రం ఫోన్లు. బూట్లకి బురద ఎందుకంటిందని ఒకరు, దోమ కుట్టిందని ఇంకొకరు. ఆ నెల మీటింగులో ప్రిన్సిపాల్ దాని గురించే మాట్లాడారు. మరుసటి వారం నుంచి నేనూ బొమ్మలు అతికించండి అనే అంటున్నాను. చార్ట్ మాకూ ఇష్టమై కాదు.

చార్ట్_బాధితురాలు
మేడం, మీరు మా పాప టీచరైతే ఈ పోస్టు డిలీట్ చేసేస్తాను 😅

బడిపంతులు_సిద్దిపేట
@ఈవీఎస్_మేడం మీ బాధ అర్థమైంది. కానీ బయటికి పోలేకపోతే బయటిది లోపలికి రావచ్చు కదా. మీ నలభై మందినీ ఒక్కో మొక్క తెమ్మనండి. తెచ్చినవాడు అది ఎక్కడ దొరికిందో చెప్పాలి, అక్కడి గుప్పెడు మట్టి కవర్లో వేసుకురావాలి. మట్టి లేకుండా మొక్క తెస్తే నేను ఒప్పుకోను. ఇసుక, బంక మట్టి, గరుకు మొరం బల్ల మీద పక్కపక్కన పెడితే సగం పాఠం అయిపోతుంది.

ఈవీఎస్_మేడం
మట్టి ఆలోచన బాగుంది. కానీ ఎక్కువమంది మనీ ప్లాంట్ తెస్తారు. దొరికిన చోటు: బాత్రూమ్, సీసాలో.

పల్లేరుకాయ
అది కూడా ఆవాసమే మేడం 😄

పిల్లల_వార్డు_నర్సు
పిల్లల్ని మొక్కలు తెమ్మనేముందు పెద్దలు కొన్ని తెలుసుకోవాలి. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం గింజలు, గురివింద గింజలు, ఇవన్నీ విషమే. గురివింద ఎర్రగా ముద్దుగా ఉంటుంది, పిల్లలు నోట్లో పెట్టేస్తారు. నమిలితే ప్రాణాల మీదికొస్తుంది. ఏది మింగినా ఇంట్లో ఉప్పు నీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చెయ్యకుండా, ఆ కొమ్మో కాయో చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి రండి. జిల్లేడు పాలు కంట్లో పడితే ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండి, తరవాత కంటి డాక్టరుకి చూపించాలి. వయ్యారిభామ కొందరి ఒంటికి పడదు, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పిల్లలకి మొదటి రూలు, తెలియని ఆకు నోట్లో పెట్టకూడదు.

కాకినాడ_కాజా
నర్సు గారు రూలు పెట్టేశాక నేను చెప్పేది ఎలా ఉంటుందో. మా వైపు పిల్లలకి సముద్రం ఒడ్డున ఉప్పు నీళ్ల బురదలో పెరిగే మడ చెట్టు గురించి చెప్పాలంటే ఆకు నాకిస్తారు. తెల్లమడ ఆకు నాలిక మీద పెడితే ఉప్పగా ఉంటుంది. ఎండలో ఆకు మీద సన్నటి ఉప్పు పలుకులు కంటికే కనిపిస్తాయి. వేరు ఉప్పు నీళ్లు తాగుతుంది, వద్దనుకున్న ఉప్పుని ఆకులోంచి బయటికి నెట్టేస్తుంది. పుస్తకం చదివితే గుర్తుండదు, నాలిక మీద పడితే మరిచిపోరు.

ఇంకోటి, మడ బురదలో గాలి ఆడదు. అందుకని వేళ్లు తలకిందులుగా పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. నేలంతా పెన్సిళ్లు గుచ్చినట్టుంటుంది. ఉప్పుపొన్న అనే ఇంకో రకం మడ చెట్టులో అయితే గింజ చెట్టు మీదే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, తరవాత బురదలో పడుతుంది. కింద పడ్డాక మొలకెత్తుదామంటే పోటు వచ్చి ఎత్తుకుపోతుంది మరి.

నీటి మొక్క అంటే తామర ఒక్కటే కాదని నా బాధ. మడ అడవులున్న కోరింగ అభయారణ్యం 1978 నుంచీ ఉంది, కాకినాడ పక్కనే. మన పిల్లల పుస్తకాల్లో మాత్రం పైన్ చెట్టు ఉంటుంది, మడ ఉండదు.

పిల్లల_వార్డు_నర్సు
@కాకినాడ_కాజా అదే అడవిలో తిల్ల చెట్టు కూడా ఉంటుంది కదా? దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని మా అమ్మమ్మ వాళ్ల వైపు జాలర్లు దూరంగా ఉంటారు. ఆకులు నాకడం అలవాటైన పిల్లాడికి ఏది మడ, ఏది తిల్ల అని ఎవరు చెప్తారు?

కాకినాడ_కాజా
ఒప్పుకుంటున్నాను. చెట్టు తెలిసిన పెద్దవాళ్లు తుంపి ఇస్తేనే. వాళ్లంతట వాళ్లు కాదు.

ఫీనిక్స్_బాబాయి
మేముండేది అమెరికాలో, అరిజోనాలో. జోధ్‌పూర్ గారు చెప్పిన కాక్టస్ పుట్టిల్లు ఇదే. మా ఇంటి వెనక నుంచి కొండ దాకా సగువారో కాక్టస్‌లే. ప్రపంచంలో సొనోరన్ ఎడారిలో తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. చేతులు చాచి నిలబడ్డట్టు బొమ్మల్లో కనిపించేది అదే. ఆ మొదటి చెయ్యి రావడానికి యాభై, డెబ్బై ఏళ్లు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే పడుతుంది. ఒళ్లంతా మడతలుంటాయి. వాన పడ్డాక ఆ మడతలు విచ్చుకుని లావవుతుంది, ఎండల్లో మళ్లీ ముడుచుకుంటుంది.

పిల్లలకి నచ్చేది ఇంకో సంగతి. చిన్న సగువారో ఒంటరిగా బతకడం కష్టం. పాలోవెర్డే లాంటి చెట్టు నీడలో మొలుస్తుంది. మా అబ్బాయి ట్రెయిల్ మీద చెట్టు కనిపిస్తే చాలు, కింద పిల్ల కాక్టస్ ఉందేమోనని వంగి వెతుకుతాడు. ఎడారి అంటే ఇసుక దిబ్బలు, ఖాళీ అని మన పుస్తకాల్లో వేస్తారు, ఇక్కడ వానలు బాగా పడిన ఏడాది వసంతంలో నేలంతా పూలే.

లేటుగా_లేచినోడు
బాబాయి, ఒకటి కొరియర్ చెయ్యండి, చార్ట్‌కి అతికిద్దాం.

ఫీనిక్స్_బాబాయి
పర్మిట్ లేకుండా తవ్వితే కేసు పెడతారు. మీ చార్ట్ కోసం జైలుకి వెళ్లలేను.

సద్దుల_సంబురం
ఇంతమంది రాశారు, బతుకమ్మ ఎవరికీ గుర్తు రాలేదా? ఆవాసాల పాఠం మొత్తం ఆ తాంబాలంలోనే ఉంది. గునుగు చేలల్లో, గట్ల మీద. తంగేడు గుట్టల మీద, ఎవరూ నీళ్లు పోయని చోట. తామర, కలువ చెరువులో. గుమ్మడి పువ్వు పెరట్లో. బంతి, చామంతి సాగు చేసినవి. మా చిన్నప్పుడు ఏ పువ్వు కావాలంటే ఆ వైపు పోయేవాళ్లం, ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు మా గుట్ట పక్కన వెంచర్ వేశారు. తంగేడు బండి మీద కొంటున్నాం. మా బిడ్డ తంగేడు ఎక్కడ పెరుగుతదంటే బస్టాండ్ దగ్గర అంటది.

పల్లేరుకాయ
బతుకమ్మకి ఇంకా టైముంది. చవితి పత్రి అయితే ఈ వారమే. ఇరవై ఒక్క రకాలు. వాటిని మూడు కుప్పలుగా వెయ్యమనండి. మద్ది, వావిలి వాగుల ఒడ్డున పెరుగుతాయి. జిల్లేడు, ఉమ్మెత్త, ఉత్తరేణి, రేగు, జమ్మి ఖాళీ స్థలాల్లో, మెట్టన. తులసి, మరువం, జాజి, దానిమ్మ ఇంటి దగ్గర. ఉత్తరేణి కంకిని పాప గౌను మీద రాయండి, గింజలు పట్టుకుని వేలాడతాయి. గింజ ప్రయాణం కూడా అందులోనే అయిపోతుంది.

అసలు కిటుకు ఇప్పుడు చెప్తాను. ఆ పత్రిలో దేవదారు ఉంది. అది హిమాలయాల చెట్టు. కొమ్మలు కిందికి వాలి, ఆకులు సూదుల్లా ఉంటాయి, మంచు నిలవకుండా జారిపోతుంది. పైన్ బదులు అది పెట్టండి, కొండ మొక్క కూడా అయిపోయింది.

గుంటూరు_మిర్చి
బజార్లో కట్టకి యాభై తీసుకుని ఇచ్చేది ఏం పత్రో ఆ వినాయకుడికే తెలియాలి. దేవదారు పేరుతో మాకు ఒకసారి నరమామిడి ఆకులిచ్చారు.

పల్లేరుకాయ
అది కూడా పాఠమే. హిమాలయాల చెట్టు ఆకు గుంటూరులో పచ్చిగా ఎలా దొరుకుతుందని పిల్లని అడగండి.

అరకు_కాఫీ
కొండ మొక్క అనగానే అందరూ హిమాలయాలకి పోతారేంటి? తూర్పు కనుమలు కొండలు కావా? ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. రాళ్ల నేల, తక్కువ వాన దానికి ఇష్టం. మా అరకులో కాఫీ చెట్టు చల్లదనమూ అడుగుతుంది, నీడా అడుగుతుంది. అందుకే సిల్వర్ ఓక్ కింద నాటుతారు, ఆ ఓక్‌కి మిరియాల తీగ పాకిస్తారు. మూడు రకాలు ఒకదాన్నొకటి పట్టుకుని బతుకుతాయి. విజయనగరంలో ఇదే నాటితే ఎండిపోతుంది. కొండ ఎక్కితే చలి ఎందుకో కూడా అక్కడే చెప్పొచ్చు.

ఈవీఎస్_మేడం
@అరకు_కాఫీ ఇది బాగుంది. మా ప్రశ్నపత్రంలో "మంచు ప్రాంతం" అని అడగరు, "కొండ ప్రాంతం" అనే అడుగుతారు. ఎర్రచందనం రాస్తే నేనయితే మార్కు వేస్తాను. కీలో పైన్ అని ఉన్నా సరే.

చార్ట్_బాధితురాలు
నోట్ చేసుకున్నాను: జమ్మి, గంగవాయిలి, బొంతజెముడు ఎడారి వైపు. అన్నట్టు గంగవాయిలి ఎడారి కిందికి వస్తుందా? నీటి మొక్కలకి బొమ్మలే దిక్కు అనుకుంటున్నాను.

బడిపంతులు_సిద్దిపేట
గంగవాయిలి ఎడారిది కాదమ్మా, నీరు దాచుకునే పద్ధతి చూపించడానికే. "ఎండని తట్టుకునేవి" అని విడిగా పెట్టండి. బొంతజెముడు మాత్రం అతికించకండి, పాలు చేతులకంటితే మండుతుంది. బొమ్మ చాలు.

నీటి మొక్కకి పూల మార్కెట్లో కాడతో ఉన్న తామర ఒకటి కొనండి. కాడని బ్లేడుతో అడ్డంగా మీరే కొయ్యండి. లోపల సన్నని గొట్టాలుంటాయి, గాలి పోయే దారులు. ఒక చివర గ్లాసు నీళ్లలో ముంచి రెండో చివర గట్టిగా ఊదండి, బుడగలు వస్తాయి. మీరు తిట్టుకునే గుర్రపుడెక్క కాడని నీళ్లలో ముంచి పిండినా బుడగలే. అది తేలేది అందుకే. దాన్ని తెచ్చి టబ్బులో పెంచకండి, దోమలు చేరతాయి.

చార్ట్_బాధితురాలు
ఊదాం! నాలుగైదు సార్లు పాపే ఊదింది, తరవాత వాళ్ల నాన్న వదల్లేదు. ఆదివారం ఏసీ గోడ కూడా చూశాం. పైపులో రావి మొక్క నిజంగానే ఉంది. ఇక్కడ ఇంకో గొడవ, పాప ఇప్పుడు మడ చెట్టు వేళ్లు చూడాలంటోంది. @కాకినాడ_కాజా, కోరింగకి ఎప్పుడు వస్తే మంచిది?

కాకినాడ_కాజా
ఇప్పుడొద్దు, వానలు, తుపాన్లు తగ్గాక డిసెంబరు, జనవరిలో రండి. చెక్క వంతెన మీద నడుస్తూ చూడొచ్చు, బురదలో దిగనక్కర్లేదు. బయల్దేరే ముందు పోటు ఎన్నింటికో ఇక్కడి పడవ వాళ్లనెవరినైనా కనుక్కోండి. పోటు మీద వస్తే వేళ్లన్నీ మునిగి ఉంటాయి, నీళ్లు చూసి తిరిగిపోవాలి. నీరు తీసినప్పుడైతే వేళ్లూ కనిపిస్తాయి, బురదలో పీతలూ కనిపిస్తాయి.

లేటుగా_లేచినోడు
పీతల పులుసు సంగతి ఎవరూ చెప్పలేదేంటి?

కాకినాడ_కాజా
అభయారణ్యంలో పీతల్ని ముట్టుకోకండి సార్. పులుసు కాకినాడ టౌనులో తినొచ్చు, వివరాలు విడిగా మెసేజ్ చేస్తాను.